పదిహేడో బిందె

రోజు 412. తొట్టి మట్టం నాలుగడుగుల రెండంగుళాలు.

ఉదయం వంతు సరిగా నడిచింది. జల్లెడలో మంచుపెళ్ళలు ఇరుక్కున్నాయి, తీసేశాను. తూము చక్రం బిగుసుకుంటోంది. నూనె అడగాలి.

ఈ పుస్తకంలో ప్రతి రోజుకీ చివర "ఇతర విషయాలు" అని ఒక గడి ఉంది. నేను తూము తిప్పే నీళ్ళ లస్కరుగా చేరి ముప్పై ఒక్క ఏళ్ళు. ఆ గడిలో లీకులు తప్ప ఇంకేమీ రాయలేదు. ఇవాళ సర్కారు ఉండే పెద్దకప్పు నుంచి ప్రణవి గారనే ఆఫీసరు వచ్చింది. చిన్న వయసు. ఇదీ, పాత పుస్తకాలూ తిరగేసి, "తాతగారూ, ఇన్నేళ్ళలో ఇక్కడ నీళ్ళు తప్ప ఏమీ జరగలేదా?" అంది. నవ్వుతూనే అంది.

"లీకులున్నాయి కదమ్మా," అన్నాను.

"ఈ నెల జరిగేవన్నీ రాయండి. రేపు దేశమంతా చదువుతుంది."

దేశం చదివేలా రాసే చదువు నాకు లేదు. పాతనేల మీద, ఉద్దానంలో, మా ఊరి బళ్ళో అయిదు దాకా చదివాను. తరువాత కూలికని ఆకాశం దాటించి, గాలి నిలిచేలా కప్పులేసిన ఈ పేటలకి తెచ్చారు. అయినా రాయమంది కనుక రాస్తున్నాను.

సంగతి ఇది. మా మూడోతూము పేటలో బాంబు పేలిన రోజుని ఈ ఏడాది నుంచి జాతీయ స్మృతి దినం చేశారు. రోజు 440. ఇక్కడి ఏడాది పాతనేల ఏడాది కన్నా పొడుగు. ఇంకా ఇరవై ఎనిమిది రోజులున్నాయి. ఇరవై రెండేళ్ళ కిందట ఆ రోజు పొద్దున్న నీళ్ళ వరుసలో నలభై రెండు మంది పోయారు. నలభై ఒక్క మందిని పోయినవాళ్ళంటారు. నలభై రెండోవాడు ఢిల్లేసు. చంపింది వాడేనంటారు.

రోజు 415. మట్టం నాలుగడుగులు.

నూనె వచ్చింది. చక్రం తేలికైంది.

పెద్దకప్పు వాళ్ళు తూము గదిలో ఒక యంత్రం బిగించారు. నాలుగు మూలలా గోడకి కళ్ళలాంటివి పెట్టారు. ఆ రోజు పొద్దున్న ఎవరు ఎక్కడ నిలబడ్డారో వెలుగుతో చూపిస్తుందట. పాత విచారణ కాగితాలూ, పోయినవాళ్ళ ఫొటోలూ అన్నీ దానికి తినిపించారు.

ఇన్నాళ్ళూ మేము చేసేది చిన్న పని. ఆ రోజు పోయినవాళ్ళ పేరున బిందెలు తెచ్చి అప్పటి వరుసలోనే పెడతారు. కొన్ని సొట్టలు తీయించినవి, కొన్ని కొత్తవి. నేను తూము తిప్పి ఒక్కొక్కటీ నింపుతాను. ఎవరి బిందె వాళ్ళు తీసుకెళ్ళి ఆ నీళ్ళతో అన్నం వండుకుంటారు. ఎవరూ ఉపన్యాసం చెప్పరు. ఇక్కడ నీళ్ళు మెల్లగా పడతాయి, పాతనేల మీదలా కాదు. నలభై ఒక్క బిందెలు నిండేసరికి పూట గడిచిపోతుంది. నా వాళ్ళెవరూ అందులో పోలేదు. అందుకని నింపడం వరకే నా పని, మాట్లాడటం పోగొట్టుకున్నవాళ్ళ పని అనుకుంటాను.

ప్రణవి గారు నా పాత వాంగ్మూలం చదివి వినిపించింది. మూడు రోజులు కూర్చోబెట్టి అడిగితే నేను చెప్పింది ఒకటే వాక్యం. "పదిహేడో వంతు ఢిల్లేసుది."

"స్మృతి దినం నాడు మైకులో ఇదే చెప్పాలి తాతగారూ. ఆ గదిలో ఉండి బతికింది మీరొక్కరే కదా."

చక్రం గోడ వెనక ఉంటుంది. అందుకు బతికాను.

"నాకు మైకు అలవాటు నేదమ్మా."

"ఒక్క వాక్యమే. మీరు చెప్పగానే బొమ్మ వేస్తాం. తరువాత రాయి మీద గుడ్డ తీస్తారు. అంతే."

రాయి వచ్చేసింది. గుడ్డ ఎత్తి చూపించింది. నలభై ఒక్క పేర్లు. వాటి కింద ఒక గీత. గీత కింద ఢిల్లేసు పేరు చెక్కడానికి ఖాళీ వదిలారు. అది ఆఖర్న చెక్కుతారట.

రోజు 418. మట్టం నాలుగడుగులు.

యంత్రం మొదటిసారి వేశారు. పేట పేటంతా వచ్చింది.

దీపాలు ఆపగానే వరుస కనిపించింది. మనుషులు, ముందు బిందెలు. నిజంగా నిలబడినట్టే ఉన్నారు. మేస్త్రి కూర్మారావు భార్య వరాలు పదహారో చోట కొంగు దోపుకుంటూ ఎవరినో గదమాయిస్తోంది.

"అదిగదిగో మా వరాలు!" అని కూర్మారావు అరిచాడు. "సూడండర్రా, ఆ సెయ్యి ఇసురు సూడండి! నన్నేనర్రా తిడతంది!"

"సచ్చి ఇరవైరెండేళ్ళయినా నిన్నొదల్నేదు బావా," అని వెనక నుంచి ఎవరో అన్నారు.

అందరూ నవ్వారు. నవ్వుతూనే ఏడ్చారు. కూర్మారావు చెయ్యి చాచి ఆమె భుజం మీద వేశాడు. చెయ్యి వెలుగులోంచి దూరిపోయింది. అయినా అక్కడే నిలబడ్డాడు, చెయ్యి అలాగే పెట్టి.

తరువాత ఢిల్లేసు బిందె పట్టుకుని వచ్చాడు. పదిహేడో చోట దించాడు. ముఖం రాయిలా ఉంది.

మా పేటలో బిందెలు ముందు రోజు సాయంత్రమే వరుసలో పెట్టేస్తాం. పొద్దున్న మనుషులు వచ్చి ఎవరి బిందె వెనక వాళ్ళు నిలబడతారు. పొద్దున్నే బిందె పట్టుకుని ఎవరూ రారు. బొమ్మ చేసినవాళ్ళకి అది తెలియదు. మాకందరికీ తెలుసు. ఎవరూ అనలేదు. నేనూ అనలేదు.

నేను నేల వైపు చూశాను. లస్కరు కన్ను నేల మీదికే పోతుంది. బొమ్మలో నేల పొడిగా ఉంది. ఆ రోజు నేల తడిగా ఉందని నాకు అనిపించింది. ఎందుకు అనిపించిందో తెలియదు.

రోజు 421. మట్టం మూడడుగుల పదకొండంగుళాలు.

ఉదయం వంతులో తొమ్మిదో ఇంటికి రెండుసార్లు నీళ్ళు పోశాను. నాకు అలా ఎప్పుడూ జరగలేదు. వాళ్ళే చెప్పి ఒక బిందె వెనక్కి పోశారు. "ఏటి తవిటి తాతా, ఎవుల్ని తలుసుకుంటన్నావు?" అని నవ్వారు.

ఇది సరిగా రాయాలి.

పదిహేను నుంచి పంతొమ్మిది వరకు ఉన్న చోట్ల కింద అప్పట్లో పైపు కారేది. నేల బురదయ్యేది. అలాంటప్పుడు తెల్లవారకముందే ఆ అయిదు బిందెలూ ఎత్తి గోడవారన పెట్టి, నేల తుడిచి, మళ్ళీ వరుసలో పెట్టేవాణ్ణి. బిందెలన్నీ కంపెనీ ఇచ్చినవే. ఒకేలా ఉంటాయి. మెడకి కట్టిన గుడ్డపేలిక రంగుని బట్టి ఎవరిదో పోల్చుకోవాలి. ఆ వేళప్పుడు దీపాలు సగమే వెలుగుతాయి. నేను పేలికలు చూసేవాణ్ణి కాదు. అయిదు చోట్ల అయిదు బిందెలుంటే చాలు. జనం తమ వంతు దగ్గరికి వచ్చాకే నన్ను తిట్టుకుంటూ, నవ్వుకుంటూ మార్చుకునేవారు.

ఆ రోజు అలా ఎత్తి పెట్టానా? లేక అది ముందు రోజా?

బాంబు పదిహేడో చోట ఉన్న బిందెలో పేలింది. నేలలో పడ్డ గుంట చూసి చెప్పారు. ఆ చుట్టుపక్కల అయిదు బిందెలూ ముక్కలైపోయాయి. పదిహేడో వంతు ఎవరిదని నన్ను అడిగారు. ఢిల్లేసుది అన్నాను. అది నిజం. వంతు వాడిదే. ఆ పొద్దున్న ఆ చోట ఎవరి బిందె ఉందని ఎవరూ అడగలేదు.

మేమే చేశామని, పెద్దకప్పు పెత్తనం వద్దనే కప్పుతెంపు దళం వాళ్ళు చీటీ పంపారు. చీటీలో పేరు లేదు. ఢిల్లేసు అంతకు ముందు వారమే తూము దగ్గర నిలబడి పెద్దకప్పు వాళ్ళని నోటికొచ్చినట్టు తిట్టాడు. మిగతా నలుగురూ ఎవరినీ తిట్టలేదు. విచారణ అక్కడితో అయిపోయింది.

రోజు 424. మట్టం మూడడుగుల పదకొండంగుళాలు.

ఎర్రమ్మప్ప వచ్చింది. ఢిల్లేసు తల్లి. మా వైపు అక్కని అప్ప అంటాం. చుట్టం కాదు, వయసుకి అప్ప. చేతిలో కాగితం ఉంది. చదివిపెట్టమంది.

438వ రోజు పొద్దున్న బండిలో ఆరోకప్పుకి వెళ్ళాలి. స్మృతి దినానికి ఆమె పేటలో ఉండటం బాగుండదు. తరువాత కూడా అక్కడే ఉండొచ్చు. ఇదీ సంగతి.

"ఉండొచ్చు అంటే ఉండాల్నా?" అంది.

"తెల్దప్పా. ఉండొచ్చు అనే రాసినారు."

"పెద్దకప్పోలు ఉండొచ్చు అంటే ఉండాల్నే. నాకు సదువు నేదు గాని ఆ మాత్రం తెల్సు." కాగితం మడిచి బొడ్లో పెట్టుకుంది. వెళ్ళలేదు. కాసేపు చక్రం వైపు చూసింది. "బొమ్మలో మా ఓడు అవుపడతన్నాడంట?"

"అవుపడతన్నాడు."

"నాకు సూపిస్తారేటి? ఆడి ఫొటోలు ఇచారనోలు అట్టుకుపోనారు. ఒక్కటీ ఇడిసిపెట్టనేదు. మొకం మరిసిపోతన్నాను తవిటీ."

ప్రణవి గారిని అడిగాను. అడగడానికి నాకు చాలాసేపు పట్టింది. ఆమె మధ్యాహ్నం అందరూ పనిలో ఉన్నప్పుడు తీసుకురమ్మంది.

వేశారు. ఢిల్లేసు వచ్చాడు, బిందె దించాడు. ఎర్రమ్మప్ప దగ్గరికి వెళ్ళి కింద నుంచి పైదాకా చూసింది.

"ముక్కు ఆడిదే," అంది. "సెవులూ ఆడియ్యే. మొకం ఆడిది కాదు. ఇలగ పెట్టీవోడు కాడు."

ప్రణవి గారు యంత్రం ఆపబోయింది.

"మల్లీ ఎయ్యమ్మా," అంది ఎర్రమ్మప్ప.

మళ్ళీ వేశారు. మూడుసార్లు చూసింది. వెళ్ళేటప్పుడు ప్రణవి గారి చెయ్యి పట్టుకుని, "తిట్టుకోడానికి ఒక మొకం దొరికింది తల్లీ. నువ్వు బాగుండాల," అంది. ప్రణవి గారు ఆ పూటంతా యంత్రం ముట్టుకోలేదు.

రోజు 427. మట్టం మూడడుగుల పదంగుళాలు.

బాంబు పేలిన ఏటి నీళ్ళ పుస్తకం విచారణవాళ్ళ దగ్గర ఉంది. ప్రణవి గారు దాని నకలు తెప్పించింది. ఎందుకని అడగలేదు. నా చేతిరాత అప్పుడు ఇంకా గుండ్రంగా ఉండేది.

బాంబు పేలడానికి ముందు రోజు గడిలో ఇలా రాశాను: "15–19 కింద లీకు. బాగు చెయ్యాలి." బాంబు రోజు పేజీలో మట్టం ఒక్కటే ఉంది. మిగతాది ఖాళీ.

ముందు రోజు లీకు ఉంది. బాగు చెయ్యలేదు. అంటే మర్నాడు తెల్లవారకముందు కూడా కారుతూ ఉండాలి. కారితే నేను బిందెలు ఎత్తి ఉండాలి. ఎత్తకుండా ఉండను. కానీ ఎత్తినట్టు గుర్తు లేదు. కళ్ళు మూసుకుంటే బొమ్మలో ఢిల్లేసే కనిపిస్తున్నాడు, పొడినేల మీద బిందె దించుతూ. నేను చూసిందేదో వాళ్ళు చూపించిందేదో కలిసిపోతోంది.

రోజు 430. మట్టం మూడడుగుల పదంగుళాలు.

బిందెలు ఎత్తి పెట్టే సంగతి ప్రణవి గారికి చెప్పాను. నిలబడే చెప్పాను. ఆమె కూర్చోమన్నా కూర్చోలేదు.

"అంటే పదిహేడో చోట వేరేవాళ్ళ బిందె ఉందంటారా?"

"అనను. ఉండొచ్చేమో."

"ఎవరిది?"

"అయిదుగురిలో ఎవరిదైనా."

ఆమె జాబితా చూసింది. పదిహేను, పదహారు, పదిహేడు, పద్దెనిమిది, పంతొమ్మిది. "పదహారు కూర్మారావు గారి భార్య," అంది మెల్లగా. "మీరు ఈ మాట అంటే ఈ అయిదుగురి మీదా అనుమానం వస్తుంది తాతగారూ. ఒకరి మీద నుంచి తీసి అయిదుగురికి పంచినట్టు అవుతుంది."

అది నేను ఆలోచించలేదు.

"అమ్మా, రేత్తిరంతా బిందెలు అక్కడే ఉంటాయి. కాపలా నేదు. ఎవులైనా వచ్చి ఎవులి బిందెలోనైనా ఏటైనా పెట్టొచ్చు. బిందె ఎవులిదో తెలిస్తే పెట్టింది ఎవులో తెలిసినట్టేనా?"

ఆమె జాబితా మూసేసింది. "ఈ ప్రశ్న అప్పుడు ఎవరైనా అడిగారా?"

"నేదమ్మా."

"మీరు?"

నేను తల అడ్డంగా ఊపాను.

ఆమె పై ఆఫీసరుకి గోడపెట్టెలో ఫోను చేసింది. అవతల ఆయన గొంతు నాకూ వినబడింది. అవును అంటారా, కాదు అంటారా, రెంటిలో ఒకటి రాయించండి, తెలియదు అనే మాట రాయి మీద చెక్కలేం అన్నాడు. ఆమె పెట్టె ఆపేసింది. "సందేహం ఉందని తేలితే నిబంధన ప్రకారం బొమ్మ వేయకూడదు. ఎవరికీ," అంది. "ఆలోచించుకోండి. నేను మిమ్మల్ని ఏమీ చెప్పమని అనను, వద్దనీ అనను."

రోజు 432. మట్టం మూడడుగుల తొమ్మిదంగుళాలు.

కూర్మారావు ఇంటికి వెళ్ళాను. ముందు అతనికి చెప్పకుండా మైకులో చెప్పడం తప్పనిపించింది. గుమ్మంలో కూర్చుని వరాలు పేరున పెట్టే బిందెకి బూడిదేసి తోముతున్నాడు.

"రా తవిటి మావా, రా. పెల్లిసూపులకొచ్చినట్టు అలగ నిలబడిపోనావేటి? కూకో. దేశమంతా సూస్తాదంట గదా, మా ఆడదాని బిందె మెరవాల్నా వద్దా?"

కూర్చున్నాను. గ్లాసుడు టీ ఇచ్చాడు. సగం తాగి, బిందెల సంగతీ, బొమ్మ ఆపేస్తారన్న సంగతీ చెప్పాను.

తోమడం ఆపాడు.

"మా వరాలు బిందెలో బాంబుందంటావా?"

"అననేదల్లుడా. తెల్దంటన్నాను."

"ఇరవైరెండేళ్ళు తెల్సు నీకు. మొన్న ఆ దీపాల బొమ్మ సూసీసరికి తెల్దయిపోనాదా?"

"అప్పుడూ తెల్దు. అడగనేదు, సెప్పనేదు."

"అడగందే సెప్పవా? బాగుంది! ఇల్లు కాలిపోతన్నా ఎవులైనా అడిగితేనే సెప్తావా నువ్వు?" లేచాడు. చేతులకి బూడిద అలాగే ఉంది. "ఇను. నాను ఆ గదిలోకి రోజూ ఎల్తన్నాను. ఆ పిల్లని బతిమాలుకుని రోజూ ఒకసారి ఏయించుకుంటన్నాను. అది నన్ను తిడతంది. ఇరవైరెండేళ్ళకి ఇంట్లో మనిషి తిట్టినట్టుంది నాకు. నువ్వు ఆ మాట సెప్తే ఆ బొమ్మ ఆపేస్తారు. దాన్ని రెండోసారి సంపినట్టే. అది నీ సేత్తోనే సంపినట్టు."

టీ గ్లాసు ఎక్కడ పెట్టాలో తెలియక చేతిలోనే పట్టుకుని వీధిలోకి వచ్చేశాను. తరువాత ఎవరి చేతనో పంపించాను.

రోజు 435. మట్టం మూడడుగుల తొమ్మిదంగుళాలు.

ఎర్రమ్మప్పకి చెప్పాను. ఆమె సంతోషిస్తుంది అనుకున్నాను. ఎందుకనుకున్నానో ఇప్పుడు తెలియడం లేదు.

మూట కట్టుకుంటోంది. రెండు చీరలు, ఒక దుప్పటి. నేను చెబుతుంటే కట్టడం ఆపలేదు. చెప్పడం అయ్యాక ముడి బిగించి అడిగింది.

"అంటే మా ఓడు సెయ్యనేదా?"

"తెల్దప్పా."

"సేసినాడా?"

"అదీ తెల్దు."

మూట మీద కూలబడింది.

"ఇరవైరెండేళ్ళు అందరి యెనకా నీల్లు అట్టుకున్నాను తవిటీ. ఎవులూ నన్ను ఎల్లగొట్టనేదు. నానే. నా కొడుకు సేసినాడు గదా, నాను పడాల అనుకున్నాను. రోజూ ఆడ్ని తిట్టుకున్నాను. సచ్చిపోయినోడ్ని. నా కడుపున పుట్టినోడ్ని. నీకు పాడె కూడా దండగేనురా అని తిట్టుకున్నాను. ఇప్పుడొచ్చి తెల్దంటావేటి? ఆ తిట్లన్నీ నానెక్కడ దాసుకోవాల?"

గుమ్మం దగ్గర నిలబడ్డాను.

"సేసినాడంటే సేసినాడని ఉండేదాన్ని. సెయ్యనేదంటే నీ కాల్లు కడిగి నెత్తిన జల్లుకునేదాన్ని. తెల్దు అన్న మాటతో ఎలగ బతకాల?"

"నాకూ తెల్దప్పా."

"నాకు సెప్పీసి సేతులు దులుపుకుందావనా? ఎల్లు. ఎల్లి ఆ మాట రాసుకున్నోలకి సెప్పు. ఆల్లు కూడా మోస్తారు కొంచెం." అలా అని మొహం తిప్పుకుంది.

తరువాత చేర్చింది: 438న బండి వస్తే ఎర్రమ్మప్ప ఏమీ అనకుండా ఎక్కి వెళ్ళిపోయిందని విన్నాను. నేను ఆ వేళకి జల్లెడ కడుగుతున్నాను. కడగవలసిన అవసరం లేదు, ముందు రోజే కడిగాను.

రోజు 440. మట్టం మూడడుగుల ఎనిమిదంగుళాలు.

జాతీయ స్మృతి దినం. ఇది మర్నాడు రాస్తున్నాను.

దేశంలో ప్రతి ఇంటి ముందూ ఒక బిందె పెట్టారట. మా తూము గదిలో పెద్దవాళ్ళు చాలామంది వచ్చారు. గోడల మీద కళ్ళు తెరుచుకున్నాయి. నలభై ఒక్క బిందెలు వరుసగా ఉన్నాయి. వెనక వాళ్ళ వాళ్ళు నిలబడ్డారు. కూర్మారావు కొత్త చొక్కా వేసుకున్నాడు. నా వైపు చూడలేదు.

ప్రణవి గారు నా చొక్కాకి మైకు తగిలించింది.

మాట్లాడమన్నారు. నేల చూసుకుంటూ చెప్పాను.

"పదిహేడో వంతు ఢిల్లేసుది."

పెద్దాఫీసరు తల ఊపాడు. అక్కడితో ఆగమన్నట్టు. నేను ఆగలేదు. ఆగితే మళ్ళీ మొదలు పెట్టలేనని భయమేసింది.

"ఆ యేల ఆ సోట ఎవులి బిందె ఉందో నాను సూడనేదు. బిందెలు నానే ఎత్తి పెట్టినాను. పెట్టినాననుకుంటన్నాను. అదీ సరిగ్గా తెల్దు. బిందెలో ఏటి ఉందో, ఎవులు పెట్టినారో అసలే తెల్దు. అప్పుడు ఎవులూ అడగనేదు. నాను సెప్పవలసింది. సెప్పనేదు."

అంతే చెప్పాను. నా జన్మలో అంత మాట్లాడలేదు.

ఇప్పుడు బొమ్మ వేయాలి. ప్రణవి గారి వేలు మీట మీద ఉంది. పెద్దాఫీసరు వెయ్యమని కనుసైగ చేశాడు. ఆమె వేలు తీసేసింది.

"బొమ్మెయ్యండి!" అని కూర్మారావు అరిచాడు. ఎవరూ వేయలేదు. ఈసారి అతను అరవలేదు. "అమ్మా, ఎయ్యమ్మా. ఒక్కసారి ఎయ్యి. దాన్ని సూపించీ."

ఆమె తల అడ్డంగా ఊపింది. ఏడుస్తోంది. రాయి మీద గుడ్డ అలాగే ఉంది, తీయమని ఎవరూ అనలేదు.

నీళ్ళ వేళయింది. ఇంకేం చేయాలో తెలియక వెళ్ళి చక్రం తిప్పాను. గొట్టం పట్టుకుని ఒకటో బిందె దగ్గర మొదలు పెట్టాను. నీళ్ళు మెల్లగా పడ్డాయి. కొందరు నా ముఖం చూశారు, కొందరు బిందెలోకి చూశారు. పదిహేనో బిందె వాళ్ళ ముసలాయన, "కొంచెం తక్కువ పొయ్యి, మొయ్యనేను," అన్నాడు. అంతే అన్నాడు. అదే చాలనిపించింది.

పదహారు దగ్గరికి వచ్చాను. కూర్మారావు బిందె మూతి మీద అరచెయ్యి బోర్లించి పెట్టాడు. కాసేపు నిలబడ్డాను. చెయ్యి తీయలేదు. నీళ్ళు నేల మీద పడుతున్నాయి. గొట్టం పక్క బిందెలోకి మార్చాను.

రోజు 447.

పుస్తకం కొత్త లస్కరుకి అప్పగించేశాను. ఇది విడి కాగితం. మట్టం ఎంతో నాకు తెలియదు.

నన్ను పనిలోంచి తీసేశారు. మళ్ళీ విచారణ వేస్తారట. ఎప్పుడో చెప్పలేదు. యంత్రం ఊడదీసి పట్టుకెళ్ళారు. రాయిని గుడ్డతోనే గోడవారకి జరిపారు. ప్రణవి గారు వెళ్ళేటప్పుడు నా చెయ్యి పట్టుకుంది. ఆమె ఉద్యోగం ఏమైందో అడగలేకపోయాను. పేటలో కొందరు నాతో మాట్లాడుతున్నారు, కొందరు మానేశారు. ఎవరు ఎందుకు మాట్లాడుతున్నారో కూడా నాకు సరిగా అంతుపట్టడం లేదు. చేసినవాణ్ణి వదిలేశావని ఒకాయన అన్నాడు. అమాయకుణ్ణి కాపాడావని ఒకావిడ అంది. నేను రెండూ చేయలేదు.

ఎర్రమ్మప్ప నిన్న సాయంత్రం బండిలో తిరిగొచ్చింది. ఎవరు రమ్మన్నారో తెలియదు. ఉండొచ్చు అన్నారు గదా, ఉండను అన్నానంది. నన్ను చూసి ఒకటే అడిగింది.

"ఆ బొమ్మ మల్లీ తెస్తారేటి?"

"తెల్దప్పా."

"నీకు తెల్సిందంటూ ఏటైనా ఉందా తవిటీ?"

నిన్న రాత్రి నా బిందె వరుస చివర పెట్టి, ఇవాళ పొద్దున్న నేను కూడా వరుసలోకి వెళ్ళాను. ముప్పై ఒక్క ఏళ్ళలో వరుసలో నిలబడటం ఇదే మొదలు. నా వంతు ఎన్నోదో నాకే తెలియదు, చివర నిలబడ్డాను. మనుషులంతా వచ్చి ఎవరి బిందె వెనక వాళ్ళు నిలబడ్డారు. అప్పుడు ఎర్రమ్మప్ప వచ్చింది. బిందె చంకలో ఉంది. వరుస అయిపోయాక రావలసిన మనిషి, వరుస మొదలవకముందే వచ్చింది. నా వైపు రాలేదు. ముందుకి నడిచింది.

ఇరవై రెండేళ్ళుగా మా వరుసలో పదహారు తరువాత పద్దెనిమిదే లెక్కపెడతారు. మధ్యలో చోటు కూడా ఉండదు. కూర్మారావు బిందెకీ, అవతలి బిందెకీ మధ్య నాలుగు వేళ్ళ సందు. ఆమె అక్కడ ఆగింది.

"పదిహేడు నాది," అంది. గొంతు పెద్దగా రాలేదు.

పద్దెనిమిదివాళ్ళు కూర్మారావు వైపు చూశారు. కొత్త లస్కరు చక్రం మీద చేతులు పెట్టి ఎదురు చూస్తున్నాడు.

కూర్మారావు ఆమె ముఖం చూడలేదు. వంగి, తన బిందె పక్కకి జరిపాడు. ఒక జానెడు. ఆమెకి చోటిచ్చాడో, ఆమె బిందె తన బిందెకి తగలకూడదని జరిపాడో నాకు తెలియలేదు. ఆమె బిందె దించింది.